మూడు రోజులు నోరు మూసుకోవలెను

సోమవారం

నీలో కోపం ఉందా? నిన్నే అడుగుతున్నాను. ఉందా, లేదా? తల పక్కకి తిప్పకు.

నాలో లేదు. ఈ సంగతి ముందే రాసి పెట్టుకుంటే తర్వాత గొడవ ఉండదు. ఆదివారం సంఘంలో నా ప్రసంగం ఇలాగే, ఎదుటివాడి గుండె మీద వేలు పెట్టి మొదలవుతుంది. డైరీలో ఎదుటివాడు లేడు కాబట్టి నన్ను నేనే అడిగాను. నేనే పాసయ్యాను.

విషయం ఏమిటంటే, బావ మళ్ళీ అడ్డం పడ్డాడు.

అక్కకి చూపు పూర్తిగా పోయిన ఏడాది, ఫోన్‌లో కనపడే తెలుగంతా పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి నేనూ బావా కూర్చుని రాశాం. నేను జిరాక్సు మిషన్లు బాగుచేసుకునేవాణ్ణి. ఆయన పళ్ళ డాక్టరు. కోడ్ రాయడం ఇద్దరికీ ఎవరూ నేర్పలేదు, ఆ సంగతి కోడ్ చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. అక్క ఒక్కదాని కోసం రాసిన దాన్ని ఊరికే ఇచ్చేస్తే, ఎక్కడెక్కడి చూపులేనివాళ్ళ ఫోన్లలోకో వెళ్ళి కూర్చుంది. ఇందులో ఎవరికీ జీతం లేదు. ఎవరికి తోచిన మార్పు వాళ్ళు రాసి గుంపు పేజీలో పెట్టొచ్చు. మిగతావాళ్ళు చూసి సరేనంటే ప్రోగ్రాంలో కలుపుతాం. ఈ ‘మిగతావాళ్ళు’ అనే మాటలోనే సాతాను గూడు కట్టుకున్నాడు.

నేను పెట్టిన మార్పు వేలెడంత. మన ప్రోగ్రాం గ్రంథం చదివేటప్పుడు వచనాల నంబర్లు కూడా వదలకుండా చదువుతుంది. ‘పద్నాలుగు. అప్పుడతడు లేచి. పదిహేను. కన్నీరు తుడుచుకొని.’ కన్నీటికి ముందు పదిహేనేమిటి? వినేవాడి గుండె కరిగే సమయానికి ఎవరో రేషన్ షాపులో టోకెన్ నంబరు పిలిచినట్టుంటుంది. అందుకని లైను మొదట్లో అంకె వస్తే దాన్ని దాటేసి చదవమని రాశాను. ఈ ఆదివారం మా హాల్లో చూపులేనివాళ్ళ ప్రత్యేక కూడిక. ప్రోగ్రామే వాక్యం చదువుతుంది. ఆ తర్వాత నా ప్రసంగం. అంకెలు లేకుండా ధారగా వినపడాలి.

గంట తిరక్కుండా బావ రాశాడు. “అంకెలు ముట్టుకోకు బామ్మర్దీ. లైను మొదట్లో ఉన్న ప్రతి అంకే వచనం కాదు. లోకంలో నీ పుస్తకం ఒక్కటే లేదు.”

నీ పుస్తకం! ఒక్కటే!

నేను జవాబు రాశాను, పదకొండు పేరాలు. చాలా శాంతంగా రాశాను. ప్రవక్త దారిన పోతుంటే గాడిద అడ్డంగా పడుకున్న కథ ఒక ఉదాహరణగా మాత్రం ఎత్తాను. అందులో గాడిద ఎవరో చెప్పలేదు. చదివేవాళ్ళ తెలివికి వదిలేశాను.

దానికి బావ: “నాకు కోపం వచ్చింది. నాలుగో నియమం. గురువారం మధ్యాహ్నం రాస్తాను.” అంతే.

నాలుగో నియమం నాదే. మన గుంపుకి నడవడి నియమాలు ఉండాలని ఆ మధ్య ప్రోగ్రాం వాడేవాళ్ళందరూ ఒకటే గోల పెట్టారు. రాసేదెవరయ్యా అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. నేనెత్తాను. రాసే చెయ్యికి వాక్యం అలవాటు కాబట్టి భాష కూడా అలాగే పడింది. ‘కోపము వచ్చినవాడు ఆ సంగతి ఒప్పుకొని మూడు రోజులు నోరు మూసుకోవలెను, ఆ చర్చలో ఒక్క అక్షరమైనను వ్రాయరాదు.’ రాసిన రోజు నాకే ఒళ్ళు పులకరించింది.

ఇన్నాళ్ళలో ఆ నియమం కింద నోరు మూసుకున్నది బావ ఒక్కడే. ప్రతిసారీ ఆయనే. నాకు ఒక్కసారి కూడా అవసరం పడలేదు. నాకు వచ్చేది కోపం కాదు, రోషం. పరిశుద్ధమైనది. దాని గురించి నియమాల్లో ఏమీ లేదు. రాసింది నేనే కాబట్టి నాకు తెలుసు.

సోమవారం సాయంత్రం

పాత మార్పు పేజీలోంచి తీసేశాను. దాంతోపాటు బావ అభ్యంతరమూ పోయింది, అది దాని కిందే కదా ఉంది. రెండు చోట్ల అక్షరాలు సరిదిద్ది, అదే మార్పును కొత్తగా పెట్టాను. కొత్తది కాబట్టి దీని మీద ఇంతవరకూ ఎవరి అభ్యంతరమూ లేదు.

ఏడో నియమం: ‘మూడు రోజులలో అభ్యంతరము రాని మార్పును అందరును అంగీకరించినట్టే యెంచవలెను.’ ఇదీ నేను రాసిందే. అప్పట్లో ఏ మార్పు పెట్టినా నెలల తరబడి ఎవరూ పలికేవారు కాదు, పనులు ఆగిపోయేవి. అందుకని రాశాను. నాలుగో నియమమూ ఏడో నియమమూ ఎప్పుడైనా ఎదురుబొదురు కూర్చుంటాయని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు కూడా అనుకోవడం లేదు.

మంగళవారం

పేజీలో ఎవరూ ఏమీ అనలేదు. ఐక్యత ఎంత మనోహరం!

బుధవారం

షాపులో ఒక పెద్ద మిషన్ పొట్ట విప్పి టోనరు దులుపుతుంటే అక్క ఫోన్. ముక్కు నిండా నల్లటి పొడి. స్పీకర్ పెట్టి పక్కన పెట్టాను.

“ఏరా, మీ బావని ఏమన్నావు?”

“నేనేమన్నానక్కా? ఉదాహరణ చెప్పాను.”

“గాడిదన్నావట.”

“పేరు పెట్టలేదు.”

“ఆ పేజీలో రాసేదే మీరిద్దరు. ఇద్దర్లో నువ్వు ప్రవక్తవి. ఇంక మిగిలిందెవరురా?”

మిషన్ కోసం వచ్చిన ఆఫీసు ప్యూను నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. నేను స్పీకర్ తీసేశాను.

“బావ ఏమంటున్నాడు?”

“ఏమంటాడు? నీ నియమం పట్టుకుని కూర్చున్నాడు. నాకు చెబితే నీకు చేరవేస్తానని నాకూ చెప్పట్లేదు. అన్నం దగ్గర నోరు తెరుస్తాడు, ఏదో గుర్తొస్తుంది, ముద్ద పెట్టుకుని మూసేస్తాడు.”

“మంచిదే కదక్కా. మౌనంగా ఉంటే మనిషికి లోపలి స్వరం వినపడుతుంది.”

“నీకింతవరకూ వినపడలేదన్నమాట,” అని పెట్టేసింది.

అక్క చిన్నప్పటి నుంచీ అంతే. కానీ ఆమె పట్ల నాకు కోపం లేదు.

గురువారం, పొద్దున

బావ మౌనం ఈ మధ్యాహ్నం ముగుస్తుంది. నా కొత్త మార్పు గడువు సాయంత్రం ముగుస్తుంది. మధ్యలో ఉన్న ఆ కాస్త ఖాళీ నాకెందుకో ఆత్మకి మంచిది కాదనిపించింది.

గుంపు పేజీలో ఒక చిన్న వాక్యధ్యానం పెట్టాను. ఎడారిలో నడిచిన జనం మెడ వంచలేదు, అందుకే అక్కడక్కడే తిరిగారు. ఇతరుల నోట్లో రోజంతా పుచ్చు వెతికేవాడు తన నోట్లో ఏముందో అద్దం పెట్టుకుని చూసుకోడు. ‘ఎవరినీ ఉద్దేశించినది కాదు’ అని కింద రాశాను. అపార్థం రాకూడదని పైన కూడా రాశాను.

గురువారం, మధ్యాహ్నం

బావ: “ఇప్పుడే రాయబోయాను. ఇది చదివాను. మళ్ళీ కోపం వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం.”

ఆ నిజాయితీ చూస్తే ముచ్చటేసింది. కోపం వచ్చిందని ఒప్పుకోకపోతే అడిగేదెవరు? లోపల ఏముందో ఎవరికి కనపడుతుంది? మామూలుగా రాసేయొచ్చు కదా. నేనైతే

గురువారం, సాయంత్రం

మార్పు కలిపేశాను. నియమప్రకారం.

మూడో సభ్యుడు కూడా ఆమోదించాడు. ఈయన ఎవరో, ఎక్కడుంటాడో మాకు తెలియదు. ఇంతవరకూ ఒక్క మాట రాయలేదు. ఏది పెట్టినా కింద బొటనవేలు బొమ్మ పెట్టి పోతాడు. మా ఇళ్ళల్లో ఆయన పేరే బొటనవేలు. నా పదకొండు పేరాలకీ బొటనవేలు పెట్టాడు. ‘నాకు కోపం వచ్చింది’ అన్న బావకీ పెట్టాడు. ఎవరి మీదా పక్షపాతం లేని మనిషి. ఇప్పుడు నా మార్పుకీ పెట్టాడు. ఒకరు మౌనం, ఒకరు బొటనవేలు, ఒకరు నేను. ఇంతకంటే ఏకగ్రీవం ఏ సంఘంలో ఉంది?

శుక్రవారం

కొత్త రిలీజ్ బయటికి పంపాను. అందరి ఫోన్లలోకీ దానంతటదే వెళ్ళిపోతుంది. పంపే పాస్‌వర్డు నా ఒక్కడి దగ్గరే ఉంటుంది. ఇద్దరి దగ్గర ఉంటే బాధ్యత పలచబడుతుందని నేనే అలా పెట్టించాను. పంపిన దాన్ని వెనక్కి తీయాలంటే మాత్రం నేనూ, నాతో ఇంకొకరూ కలిసి బటన్ నొక్కాలి. అదీ నా ఏర్పాటే. నేను పంపిన దాన్ని ఎవడో ఒక్కడే వెనక్కి లాగేయకూడదు కదా. పేరెందుకు.

సంఘపెద్ద షాపుకి వచ్చి ఆదివారం అంశం ఏమిటని అడిగాడు. ‘సహోదరునితో సమాధానపడుట’ అన్నాను.

“అబ్బ, మంచి అంశమండీ. మనవాళ్ళలో చాలామందికి అవసరం.”

“వాళ్ళందరూ నా మనసులో ఉన్నారు,” అన్నాను.

నిజంగానే ఉన్నారు. ముందు వరుసలో బావ.

శనివారం

మెచ్చుకుంటూ మెసేజీలు వస్తున్నాయి. ‘ఎంత హాయిగా చదువుతోందండీ, పక్కన కూర్చుని ఎవరో మనిషి చదివినట్టుంది’ అని ఒకావిడ. మనసు నిండిపోయింది.

సంతోషంలో ఒక నలుసు. రిటైరైన పోస్ట్‌మాస్టరు ఒకాయన గుంపు పేజీలో రాశాడు. ఈమధ్యే చూపు పోయిందట. ఒంటరిగా ఉంటాడట. “అయ్యా, నిన్నటి అప్‌డేటు వచ్చినప్పటి నుంచి, ఆసుపత్రి వాళ్ళు పంపిన మందుల మెసేజీలో మాత్రల పేరు వినపడుతోంది గాని, ఎన్ని వేసుకోవాలో వినపడటం లేదు. మందు కొత్తది, నాకింకా అలవాటు కాలేదు. ఎన్నో తెలియక రాత్రీ పొద్దునా మానేశాను. నా ఫోనే పాడైపోయిందంటారా?” కింద తన నంబరు.

ఆయన ఫోన్ గురించి నాకేం తెలుస్తుంది? మర్యాదగా జవాబిచ్చాను. “ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి. మీ గురించి ప్రార్థిస్తాను.”

కాసేపటికి మళ్ళీ: “ఆన్ చేశానండీ. అలాగే ఉంది. తమరు ప్రార్థన మొదలుపెట్టారా?”

అల్పవిశ్వాసులతో ఇదే చిక్కు.

ప్రసంగం మూడు భాగాలుగా వచ్చింది. ఒకటి, సమాధానపడకపోవడం ఎవరి తప్పు. రెండు, వాళ్ళెందుకు ఒప్పుకోరు. మూడు, ముగింపు ప్రార్థన.

ఆదివారం

హాలు పక్కన కుర్చీలు పేర్చే గదిలో కూర్చుని రాస్తున్నాను. ప్రసంగం కాగితాల వెనక రాస్తున్నాను, డైరీ ఇంట్లో ఉండిపోయింది. కింద పెయింట్ల షాపు వాసన ఇక్కడిదాకా వస్తోంది. అవతల పాట మొదలైంది. పాట అయిపోగానే నన్ను పిలుస్తారు.

వాక్యపఠనం అద్భుతంగా జరిగింది. హాలంతా ఫోన్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, ఒక్క అంకె అడ్డు రాలేదు. ‘కన్నీరు తుడుచుకొని’ దగ్గర నిజంగానే ఇద్దరు తుడుచుకున్నారు. నేను వాళ్ళని చూసి, నన్ను చూసుకుని, పాట ఎత్తుకోమని ఈ గదిలోకి వచ్చాను. వెనకాలే కర్ర తట్టుకుంటూ అక్క వచ్చింది.

“కూర్చో అక్కా. విన్నావా, ఎలా ఉంది?”

“బ్రహ్మాండంగా ఉంది. ఇంకోటి కూడా వినిపిస్తా, కూర్చో నువ్వు.”

ఫోన్ తీసి, తడిమి, నొక్కింది. నా ప్రోగ్రాం, నా కొత్త రిలీజ్, హాయిగా, పక్కన కూర్చుని ఎవరో మనిషి చదివినట్టుగా చదివింది: ‘చుక్కలు ఉదయం. చుక్కలు సాయంత్రం. మాత్రలు భోజనం తర్వాత.’

“ఎన్నిరా?” అంది అక్క.

అంకె లైను మొదట్లో ఉంది. లైను మొదట్లో అంకె వస్తే దాటేయమన్నది నేనే.

“నాకైతే తెలుసు, ఎప్పటి నుంచో వాడుతున్నా. కొత్తగా మందు మొదలెట్టినవాడి గతేంటి?”

పోస్ట్‌మాస్టరు. ఫోన్ ఆపి, ఆన్ చేసి, నా ప్రార్థన కోసం ఎదురుచూస్తున్న పోస్ట్‌మాస్టరు.

“ఈ మాట బావ ముందే చెప్పొచ్చు కదక్కా!” ఎంత గట్టిగా అన్నానంటే పాట ఒక చోట తడబడింది.

“చెప్పాడు. ప్రతి అంకే వచనం కాదన్నాడు. రోజూ మందుల చీటీలు రాసే మనిషి, ఆయనకి తెలియదా? వివరంగా రాద్దామనుకునేలోపు గాడిదన్నావు. ఆయనకి కోపమొచ్చింది, వచ్చిందని ఒప్పుకున్నాడు, నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరవబోతే మెడ వంగదన్నావు, పుచ్చన్నావు. మళ్ళీ మూసుకున్నాడు. ఈ వారమంతా నోరు మూసుకోనిది ఎవరురా?”

నేను ప్రసంగం కాగితాలు సర్దుకున్నాను.

“అవున్లే. నీకు కోపం రాదు కదా.”

“ఎక్కడున్నాడు?”

“కింద మెట్ల మీద. పేజీలో రాయొద్దనే కదా నీ నియమం, ఫోన్ చెయ్యొద్దనలేదు కదా. నిన్న నా ఫోన్‌లో ఇది విన్నప్పటి నుంచీ చేస్తూనే ఉన్నాడు. ‘మందుల మెసేజీ ఎవరితోనైనా చదివించుకోండి, దీన్ని నమ్మకండి’ అని. తెలిసినవాళ్ళంతా అయిపోయారురా. తెలియనివాళ్ళకి ఎవరు చేస్తారు?”

“నాకు చెయ్యొచ్చు కదా! పైకి రావచ్చు కదా!”

“నిన్న నీకు రెండుసార్లు చేశాడు. ప్రసంగం రాసుకుంటున్నానని కట్ చేశావు. పైకి ఆయన రావచ్చు, కిందికి నువ్వు దిగొచ్చు. మధ్యలో గుడ్డిదాన్ని నేనే ఎక్కి దిగుతున్నాను.”

కర్ర తట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ గాడిద కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! గాడిదని కొట్టే ఘట్టంలో నా గొంతు భలే లేస్తుంది, పిల్లలు కూడా నిద్ర లేస్తారు. అది ఎందుకు పడుకుందో చెప్పే చోట మాత్రం త్వరగా దాటేస్తాను, లైను మొదట్లో అంకెలాగా. దారిలో కత్తి దూసి దూత నిలబడ్డాడు. ముందడుగు వేస్తే చావు. అది గాడిదకి కనపడింది. ప్రవక్తకి కనపడలేదు. ఆయన చేతిలో కర్ర ఉంది, నోట్లో వాక్యం ఉంది, మనసులో కోపం బొత్తిగా లేదు.

కానుక పట్టుకుని బలిపీఠం దాకా వెళ్ళినవాడు, సహోదరుడికి తన మీద ఏదో విరోధం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే పడేసి వెనక్కి పోవాలట. ఇవాళ నా ప్రసంగానికి ఆధారం ఆ వచనమే. నా కానుక ఈ కాగితాలే. చక్కగా, మూడు భాగాలుగా ఉన్నాయి.

నీలో కోపం ఉందా?

ఉంది. సోమవారం గంట తిరక్కుండా ఆయన రాసినప్పటి నుంచీ ఉంది. అంతకు ముందు నుంచే ఉంది. నా కోడ్‌లో తప్పు చూపించిన ప్రతిసారీ ఆయన చెప్పింది సరైనదే కావడం మీద ఉంది. ఇదిగో, ఒప్పుకున్నాను. నాలుగో నియమం ప్రకారం ఇక మూడు రోజులు నోరు మూసుకోవాలి. బావ కూడా నియమం తప్పడు, మధ్యాహ్నం దాకా పేజీ ముట్టుకోడు. నేనూ ఆయనా కలిసి నొక్కితే గాని రిలీజ్ వెనక్కి రాదు. మూడో మనిషిని అడిగితే బొటనవేలు పెడతాడు. ఎంత పకడ్బందీగా రాశావయ్యా నియమాలు! నలుగురిని కాపాడటానికి రాసి, నలుగురి నోళ్ళూ కుట్టేసి, తాళం జేబులో వేసుకుని ప్రసంగానికి వచ్చావు.

పాట ఆఖరి చరణంలో పడింది. సంఘపెద్ద తలుపు తీసి తొంగిచూశాడు. “రెండు నిమిషాలండీ,” అన్నాడు. ఇంకో పాట పాడించమన్నాను. తల గోక్కుంటూ వెళ్ళాడు.

చూశావా, ఇప్పుడు కూడా పేరాలు రాస్తున్నావు! పెన్ను పడెయ్. ఈ కాగితాలు ఇక్కడే వదిలెయ్, వీటి వల్ల ఎవరికీ మందు అందదు. మెట్లు దిగు. ఆయన ఫోన్‌లో మాట్లాడుతుంటే పక్కన నిలబడు, మధ్యలో అందుకోకు. అయ్యాక అడుగు: బావా, అసలు గాడిదని నేనే, ఆ నియమం నేను రాసిందే, నా మాట మీద దాన్ని పక్కన పెట్టు, నోరు తెరువు. అక్కడే, మెట్ల మీదే, ఇద్దరూ కలిసి బటన్ నొక్కండి. పేజీ పైన పెద్ద అక్షరాలతో పెట్టు: కొత్త అప్‌డేటు అంకెలు మింగేస్తోంది, దాన్ని నమ్మి మందు వేసుకోకండి, తప్పు నాది. ఆ తర్వాత పోస్ట్‌మాస్టరు గారికి ఫోన్ చెయ్. ప్రార్థన మాట ఎత్తకు. ఆ మెసేజీ నీకు పంపమను, నీ కళ్ళతో చదువు, మాత్రలెన్నో చెప్పు, ఎన్ని పూటలు మానేశారో ఆసుపత్రి వాళ్ళకి చెప్పి ఏం చెయ్యాలో అడగమను, ఆయన ఆ ఫోన్ చేసేదాకా లైను మీదే ఉండు. మూడు రోజుల తర్వాత కాదు. ప్రసంగమయ్యాక కాదు. ఇవాళ, ఈ పూట, వాళ్ళు రెండో పాట అందుకునేలోపు. ఇంకా కూర్చున్నావేం? లే!